బయటి గోడ ఎగుడుదిగుళ్లు: రంగు డబ్బా కొనే ముందు వదిలేయాల్సిన అపోహలు

విశాఖలో ఇళ్లకు బయటి రంగులు వేయించే కాంట్రాక్టు పని మాది. ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగేది "అడుగుకి ఎంత తీసుకుంటారు?" అని. గోడ చూడకుండా చెప్పలేనండీ అంటే కొందరికి కోపం కూడా వస్తుంది. ఏం చేస్తాం, బయటి గోడ ఎగుడుదిగుడుగా ఉందంటే అది ముందు తాపీ పని, ఆ తర్వాతే రంగు పని. ఇది తెలియకే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. నేను తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: లప్పం ఇంకో రెండు పూతలు పెడితే గోడ సమానమైపోతుంది

అన్నిటికంటే ఎక్కువ వినేది ఇదే, ఎక్కువ గోడలు పాడయ్యేదీ దీనివల్లే. లప్పం అంటే తెల్ల సిమెంటు, మెత్తటి రాతి పొడి, కాస్త పాలిమర్. ఇసుక ఉండదు. అలాంటిది మందంగా పెడితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, లేదంటే వెనక గోడని వదిలేస్తుంది. అన్ని పూతలూ కలిపి మిల్లీమీటరున్నర, దాని తాహతు అంతే. చాలా బస్తాల మీద రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.

మొదట్లో నేనూ ఈ తప్పు చేశాను. ఒక మూడంతస్తుల ఇంటి పడమటి గోడ. తాపీ పని పెట్టుకుంటే పరంజా ఇంకో నెల ఉంచాలి, ఆ ఖర్చెందుకన్నారు ఇంటాయన, నేనూ సరేనని పల్లాల్లో ఏడెనిమిది మిల్లీమీటర్ల లప్పం నింపించాను. గోడ అద్దంలా వచ్చింది. ఆయన పనివాళ్లందరికీ స్వీట్లు పంచారు. తర్వాతి వానాకాలానికి అది అప్పడాల్లా ఊడి పోర్టికో మీద పడింది. మళ్లీ గీకి, కడిగి, సిమెంటు మాలు కొట్టించి రంగు వేసేసరికి నాకు మిగిలింది పోయి చేతి డబ్బు కూడా పడింది.

ఇప్పుడు రెండు మీటర్ల అల్యూమినియం బద్దని గోడకి ఆనించి కింద సందు ఎంతుందో చూస్తాం. మిల్లీమీటరున్నర లోపైతే లప్పం చాలు. అంతకు మించి సెంటీమీటరు దాకా అయితే సన్న ఇసుక, సిమెంటు, పాలిమర్ కలిపి బస్తాలో వచ్చే రెడీమిక్స్ మోర్టారు. ఇంకా లోతుంటే మామూలు సిమెంటు మాలు, అదీ ఒక్క పొరలో పదిహేను మిల్లీమీటర్లు దాటకుండా, మొదటి పొర పచ్చిగా ఉండగానే దానిమీద గీతలు గీసి, అది గట్టిపడ్డాక రెండోది. ఇంకొకటి, ఎండ గోడకి ఎదురుగా పడేటప్పుడు చూస్తే అంతా నున్నగానే కనిపిస్తుంది, పక్కనుంచి రాసుకుంటూ పడేటప్పుడు చూడండి. ఎండ తగలని ఉత్తరపు గోడకి రాత్రిపూట టార్చి గోడకి ఆనించి వేస్తే ఒక్క గుంట కూడా దాక్కోలేదు.

అపోహ: వంకర గోడంటే పల్లాలు నింపుకుంటూ పోవడమే

ఒక్కోసారి గోడంతా బాగానే ఉండి, ఒకచోట ఉబ్బు మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క ఉబ్బుకి సమానం చేయాలని చుట్టూ వంద అడుగులు మందం పెంచేవాళ్లని చూశాను. ఉబ్బుని గ్రైండరుతో అరగదీస్తే పూటలో అయ్యే పని అది. దుమ్ము విపరీతంగా లేస్తుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది కాబట్టి మూతికి తువ్వాలు చుట్టుకోవడం కాదు, సరైన మాస్కు ఇవ్వండి పనివాడికి. అయితే అరగదీసే ముందు తట్టి చూడాలి, ఆ ఉబ్బు మేస్త్రీ పనితనంలో లోపమా, లోపల గుల్లబారి పైకి లేచిందా అని.

అపోహ: గుల్లగా మోగితే ఏమైంది, పదేళ్లుగా పడలేదు కదా

పడలేదు నిజమే. కానీ ఇప్పుడు మీరు దాన్ని ప్రెషరు నీళ్లతో కడుగుతారు, లప్పం, ప్రైమరు, రెండు పూతల రంగు వేసి బరువు పెంచుతారు. రూపాయి బిళ్లతోనో సుత్తి పిడితోనో గోడంతా తట్టుకుంటూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీయండి. అక్కడ కటింగ్ మెషీనుతో నలుచదరంగా కోసి, ఇటుక కనిపించేదాకా తీసేయాలి. చుట్టూ అంచు నిటారుగా ఉండాలి, పల్చగా జారవిడిస్తే కొత్త మాలు ఆ అంచు దగ్గరే ముందు లేస్తుంది. తర్వాత దుమ్ము కడిగి, గోడ నీళ్లు తాగాక, పైన తడి మెరుపు పోయాక మాలు కొట్టాలి. పట్టు కోసం సిమెంటు పాలు (నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు) పూస్తే అవి ఆరకముందే మాలు పడాలి. భోజనానికి వెళ్లొచ్చేలోపు ఆరిన సిమెంటు పాలు పట్టు ఇవ్వకపోగా ఉన్న పట్టునీ చెడగొడతాయి.

ఈ పట్టు కోసమే కొందరు వడ్రంగులు వాడే తెల్ల గమ్ కలుపుతారు. అది తడిస్తే మళ్లీ మెత్తబడే రకం, బయటి గోడకి పనికిరాదు. బయటికైతే యాక్రిలిక్ లేదా ఎస్‌బీఆర్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) లేటెక్స్ అడగండి.

అపోహ: సిమెంటు ఎంత ఎక్కువేస్తే గోడ అంత గట్టి

అతుకు వేసేటప్పుడు సిమెంటు ఒకటికి ఇసుక మూడు కలిపి "ఇక కదలదు సార్" అనే మేస్త్రీలు ఉన్నారు. సిమెంటు ఎక్కువైతే కుంచించుకోవడమూ ఎక్కువే. చుట్టూ పాత మెత్తటి మాలు, మధ్యలో రాయిలాంటి అతుకు, దాంతో అతుకు చుట్టూ బొమ్మ గీసినట్టు పగులు. ఒకటికి నాలుగో ఐదో చాలు. పాత సున్నం గోడలైతే వాటికి సున్నం కలిపిన మాలే వాడాలి, ఉత్త సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పక్క సున్నాన్ని రాల్చేస్తుంది.

ఇసుక సంగతి ఒక్క ముక్క: రాళ్లు పిండి చేసేటప్పుడు మిగిలే క్రషరు డస్టు వేరు, ప్లాస్టరింగుకని జల్లెడ పట్టి, కడిగి ఇచ్చే రోబో ఇసుక (రాయిని పిండి చేసి తయారుచేసే ఇసుక) వేరు. రెండూ ఒకటేనని చెప్పే సరఫరాదారు దగ్గర కొనకండి.

అపోహ: పగులంటే పగులే, ఫిల్లరు పూసేస్తే సరి

వెంట్రుకంత పగుళ్లు అయితే సాగే రకం రంగే కప్పేస్తుంది. బీముకీ ఇటుక గోడకీ మధ్య అడ్డంగా వచ్చే గీత మాత్రం ఫిల్లరుకి లొంగదు, అవి రెండూ ఎండకి వేర్వేరుగా సాగుతాయి, అక్కడ కోసి మెష్ (జాలీ) వేసి పూయాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు చివర పెన్సిలుతో గీత పెట్టి, తేదీ రాసి కొన్ని నెలలు చూడండి, పాకుతుంటే నన్ను కాదు, ఇంజినీరుని పిలవండి.

మా ఊళ్లో అసలు బాధ స్తంభం మూల వెంబడి నిలువుగా, ఎర్రటి మరకతో వచ్చే పగులు. సముద్రపు ఉప్పుగాలికి లోపల ఊచ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది, అదే ప్లాస్టరింగుని బయటికి నెడుతోంది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత బీచ్ వైపు ఇళ్లలో ఇలాంటివాటి మీద హడావుడిగా పైపూతలు పూయించుకున్నవాళ్లు తర్వాత మళ్లీ మమ్మల్నే పిలిచారు. ఊచ బయటపడేదాకా కొట్టి, తుప్పు గీకి, తుప్పు ఆపే పూత వేసి, రిపేరు మోర్టారు నింపాలి. ఊచ సన్నబడిపోయి ఉంటే అది కూడా ఇంజినీరు చూడాల్సిందే.

అపోహ: పైకి ఆరిపోయింది, రేపే రంగు

కొత్త మాలుకి వారం రోజులు నీళ్లు కొట్టాలి. ఆ తర్వాత మొత్తం ఇరవై ఎనిమిది రోజులయ్యేదాకా ఆగితే మంచిది, పచ్చి సిమెంటులోని క్షారం రంగుని మచ్చలుగా తినేస్తుంది. ఆరిందో లేదో అనుమానముంటే మూరెడు పాలిథీన్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న లోపల చెమట పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

అపోహ: టెక్స్చర్ (గరుకు పూత) కొట్టేస్తే ఏదీ కనపడదు

చిన్న చిన్న గరుకులు దాస్తుంది. గుల్లనీ, చెమ్మనీ కాదు.

అన్నట్టు, ప్లాస్టరింగు మళ్లీ మళ్లీ ఒకేచోట పాడవుతుంటే పైకి చూడండి. చాలా ఇళ్లలో సజ్జ అడుగున నీటి గాడి ఉండదు, వాననీరు సజ్జ కిందుగా పాకి గోడలోకి దిగుతుంది. లేదంటే వెనక బాత్రూం పైపు కారుతుంటుంది. అది ఆపకుండా నన్ను పిలిచినా దండగే.

కాంట్రాక్టు రాసుకునేటప్పుడు అతుకుల పనికి రేటు వేరుగా పెట్టించుకోండి. తట్టి, గీసి, కొలిచాక ఎన్ని అడుగులొస్తే అన్నిటికే డబ్బు, పరంజా అద్దె ఎవరిదో కూడా అందులోనే రాయండి. మా తీరంలో ఈ పనికి డిసెంబరు నుంచి మార్చి దాకా అనువు. వేసవిలో తప్పదంటే పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ చేయించండి, నీడలో కొట్టిన మాలు మాడిపోకుండా ఉంటుంది.