నాగసాకి పెర్సిమన్ తిరుపతి ఎండకు ఆగుతుందా?

1945 ఆగస్టు 9న, ఉదయం 11:02కు నాగసాకిపై అణుబాంబు పడింది. కాలి దెబ్బతిన్నా చావని చెట్లలో ఒక పెర్సిమన్ పండ్ల చెట్టు ఉంది. 1994లో ఎబినుమా మసాయుకి అనే చెట్ల వైద్యుడు దానికి చికిత్స మొదలుపెట్టాడు. అది తేరుకున్నాక గింజలు తీసి మొక్కలు పెంచి, ఊరు చూడవచ్చిన పిల్లలకు పంచాడు. కళాకారుడు మియాజిమా తత్సువో ఆ మొక్కలను ప్రదర్శనలో పెట్టి, సాకేవాళ్లు ముందుకు రమ్మన్నాడు. 1996లో టోక్యోలోని ఒక పాత బడి ఆవరణలో మొదటిది నాటారు. 1999లో ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేకీ ఆ పని చేరింది. ఇందులో కళ అంటే పిల్లలు ఏళ్ల తరబడి వంతులేసుకుని నీళ్లు పోయడమే. కాబట్టి చెట్టు బతకని చోట నాటితే ఫొటో తప్ప ఏమీ మిగలదు.

ఇలాంటి పని అంతకుముందూ జరిగింది. 1915లో టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో సోదరుణ్ణి పోగొట్టుకున్న ఆస్ట్రేలియా సైనికుడొకడు అక్కడి పైన్ కాయను తల్లికి పంపాడు. ఆమె దాన్ని 13 ఏళ్లు దాచి, 1928లో విత్తితే రెండు మొక్కలు నిలిచాయి. వాటిలో ఒకటి 1934లో కాన్‌బెర్రా చేరింది. పైన్ గింజ ఎండినా చాలాకాలం ఆగుతుంది. పెర్సిమన్ గింజకు ఆ ఓపిక లేదు.

పండు గుజ్జు పూర్తిగా కడిగి, గింజను ఎండనీయకుండా తడి కొబ్బరి పొట్టులో కలిపి, చిల్లులున్న కవరులో ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు నెలలు ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. పొట్టును పిడికిట పిండితే నీటిచుక్క రాలకూడదు. రాలిందంటే బూజు ఖాయం. తర్వాత రెండు సెంటీమీటర్ల లోతున విత్తాలి. తల్లివేరు నిలువుగా దిగుతుంది కాబట్టి కనీసం 30 సెంటీమీటర్ల లోతున్న సంచి కావాలి. పొట్టి సంచిలో వేరు చుట్ట చుట్టుకుని, నాటాక మొక్క గిడసబారుతుంది.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని చిత్తూరు రైతులెవరూ అనుకోరు, అంటు కడతారు. ఇక్కడ మాత్రం కావాలనే గింజతో పెంచుతారు. వచ్చేది అదే చెట్టు కాదు, దాని రెండో తరం. గింజలో రేడియేషన్ ఉంటుందేమోనన్న భయం అక్కర్లేదు.

అసలు చిక్కు తిరుపతి వాతావరణంతోనే. పెర్సిమన్ మన తునికాకు చెట్టుకు దగ్గరి చుట్టమే అయినా, ఆకు రాల్చాక దానికి కొంత చలి కావాలి. మన డిసెంబరులో ఆ చలి చాలదు. చిగురు ఆలస్యమై, లేత ఆకు నేరుగా ఏప్రిల్ ఎండకు చిక్కుతుంది. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ మీదైతే కాస్త ఆశ ఉంది. దిగువనైతే మొదటి రెండు వేసవులు సగం నీడనిచ్చే షేడ్‌నెట్ తప్పదు. నాటడానికి ఆగస్టులో జరిగే నాగసాకి స్మారక సభల రోజుల కన్నా అక్టోబరు, నవంబరు వానలు మేలు.

మైదానంలోనే నాటాలనుకుంటే నాగసాకి సన్నో మందిరం దగ్గర బాంబును తట్టుకుని మళ్లీ చిగిర్చిన కర్పూర చెట్ల సంతతి నయం. అది అంత చలి అడగదు. దాని గింజనూ ఎండనీయకుండా తాజాగా విత్తాలి. పిట్టలు గింజలు మోసుకెళ్లడంతో అది ఆస్ట్రేలియాలో అడవుల్ని ఆక్రమించింది. అందుకే శేషాచలం అంచున నాటకూడదు.

జపాన్ నుంచి గింజ తేవాలంటే దిగుమతి పర్మిట్, అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. బయటి నుంచి వచ్చే మొక్కలను, గింజలను పరీక్షించే ప్లాంట్ క్వారంటైన్ కేంద్రం మనకు దగ్గరలో చెన్నైలో ఉంది. గింజ ఏ తల్లి చెట్టుది, ఏ ఏడు తీశారు అన్నవి అప్పుడే రాసి పెట్టుకోవాలి.