మనోభావాల గురించి రెండు పేజీలు, అన్న మాట గురించి చుక్కలు: విద్వేష వ్యాఖ్యల కేసులపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తాను. ఈ మధ్య నాకు రెండు రకాల ఫోన్లు ఎక్కువయ్యాయి. "మమ్మల్ని పాకిస్తానోళ్లు అన్నారు సార్, కేసు పెట్టాలి" అనేది ఒకటి. "మావాడు స్టేటస్ పెట్టాడు సార్, లోపలేస్తారా?" అనేది రెండోది. ఈలోపే యూట్యూబ్‌లో ఎవరో వాళ్లకి తీర్పు చెప్పేసి ఉంటారు. దాన్ని తలలోంచి తీసేసరికే నాకు అరగంట పడుతుంది.

అపోహ: మాకు బాధ కలిగింది కాబట్టి అది నేరమే

అన్నిటికంటే ఎక్కువ కేసుల్ని ముంచేది ఇదే. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అని రాస్తే చాలు, మిగతాది కోర్టు చూసుకుంటుందని జనం గట్టిగా నమ్ముతున్నారు. కోర్టు మీ బాధను కొలవదు. ఏ మాట అన్నారు, ఎవరి ముందు అన్నారు, ఏం జరగాలని అన్నారు, దానివల్ల ఏం జరిగే ప్రమాదం ఉంది, ఇవి చూస్తుంది.

పాత ఐపీసీ 153ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 196, వర్గాల మధ్య వైరం పెంచడం గురించి. ఒక వర్గాన్ని ఇంకో వర్గం మీదికి ఎగదోసినట్టు కనబడాలి. 1997లో బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మతభావాలను గాయపరచడం గురించిన 299 (పాత 295ఏ) అయితే కావాలని, దురుద్దేశంతో చేశారని చూపాలి. కోపంలో తిట్టిన తిట్టు దాని కిందికి రావడం కష్టం.

2025 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు చూడండి. జార్ఖండ్‌లో ఒక ఉర్దూ అనువాదకుడు ఆర్టీఐ కాగితాలు ఇవ్వడానికి వెళితే, అవతలి పెద్దమనిషి ఆయన్ని "మియాన్-తియాన్", "పాకిస్తానీ" అన్నాడు. అవి మర్యాద లేని మాటలే గానీ మతభావాలను గాయపరిచే నేరం కిందికి రావని సుప్రీంకోర్టు నిందితుణ్ణి కేసు నుంచి తప్పించింది. ఆ తీర్పు చదివితే నాకు మనసు కలుక్కుమంది. డ్యూటీ మీద వెళ్లిన మనిషిని అలా అనడమేంది? కానీ నాకు నచ్చలేదని నా క్లయింటుకు వేరే చట్టం చెప్పలేను కదా.

అలాగని కోర్టులకు ఆ మాట పట్టదనీ కాదు. 2024లో కర్ణాటక హైకోర్టు జడ్జి ఒకరు బెంగళూరులో ఒక ఏరియాను పాకిస్తాన్ అన్నారు. దేశంలో ఏ భాగాన్నీ అలా పిలవడానికి వీల్లేదని ఇదే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మన ఊళ్లోనూ ముస్లింలు ఎక్కువున్న వీధిని "మినీ పాకిస్తాన్" అనేవాళ్లున్నారు. రొట్టెల పండక్కి మాత్రం స్వర్ణాల చెరువులో దిగి కోరికల రొట్టె పట్టుకునేది కూడా వాళ్లే.

దీనివల్ల ఫిర్యాదుకు ఏమవుతుందో చెప్తా. జిల్లాలో ఒక చిన్న టౌన్లో బిర్యానీ సెంటర్ నడుపుకునే భాయ్ ఒకాయన వచ్చారు. తిండిలో ఏదో కలుపుతున్నారని, సాయిబుల దగ్గర ఎవరూ కొనొద్దని, కొన్నవాళ్ల సంగతి చూస్తామని, ఆయన హోటల్ పేరు పెట్టి మరీ ఒక ఆడియో ఊరి గ్రూపుల్లో తిరిగింది. బేరం సగానికి పడిపోయింది. స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ చూపించారు. రెండు పేజీలు. తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే ఉన్నామని, అందరితో కలిసిమెలిసి బతికామని, మనసు విరిగిపోయిందని... చదువుతుంటే నాకే గొంతు పట్టేసింది. ఆడియోలో ఏముందో రాయాల్సిన చోట మాత్రం వరసగా చుక్కలు. "ఇదేంది భాయ్?" అంటే, "ఆ మాట నా చేత్తో ఎట్లా రాసేది సార్" అన్నారు.

కేసంతా ఆ చుక్కల్లోనే ఉంది. ఆడియో పెట్టి, ఆపి ఆపి, బూతుతో సహా ఉన్నది ఉన్నట్టు గుమాస్తా చేత రాయించాను. ఆయన తల దించుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "కొనొద్దు" అన్నది ఒక్కటే అయితే వాదన బలహీనం. ఏదో కలుపుతున్నారన్న అబద్ధం, సంగతి చూస్తామన్న బెదిరింపు, ఒక మతం వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం, ఇవన్నీ కలిసేసరికి 196తో పాటు 353(2) కూడా వస్తుంది. వైరం పెంచే పుకార్లు తిప్పడం దాని కిందే. కొత్త ఫిర్యాదు ముక్కాలు పేజీ కూడా లేదు. ఎఫ్ఐఆర్ అయింది.

కాబట్టి రాయాల్సింది: ఎవరు, ఏ గ్రూపులో, ఏ తేదీ, ఎన్ని గంటలకు, సరిగ్గా ఏ మాట. బాధ గురించి చివర్లో ఒక లైను చాలు. ఇంట్లో ఆడవాళ్లు వింటారని ఆడియో డిలీట్ చేసి, ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు పట్టుకుని వస్తారు చాలామంది. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చింది) 63 కింద సర్టిఫికెట్ లేకపోతే ఆ ప్రింటును కోర్టు తీసుకోదు. ఆ సర్టిఫికెట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు) కూడా రాయాలి. ఫైలే లేకపోతే ఆ విలువ నేనెక్కడినుంచి తేను? ఇంకోటి, కడుపు మండి అదే గ్రూపులో వాళ్ల దేవుళ్లను తిట్టకండి. అప్పుడు మీ మీదా అవే సెక్షన్లు పడతాయి. ఎదురు కేసు పడ్డాక "రాజీ చేసుకోండి" అనే మాట ఎంత తొందరగా వస్తుందో నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: ఎస్సై తీసుకోకపోతే ఇక దారి లేదు

ఉంది. 196, 299, 353(2) మూడింట్లోనూ పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది: విద్వేష ప్రసంగం చేసింది ఏ మతం వాళ్లయినా, ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోయినా, పోలీసులే కేసు పెట్టాలి, తాత్సారం చేస్తే కోర్టు ధిక్కారం అవుతుంది. అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఉంది. అందుకని "ఎంక్వయిరీ చేస్తున్నాం" అనగానే కేసు తొక్కేశారని అనుకోవద్దు. తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే ఇవ్వండి గానీ, పోస్టు రసీదు మానొద్దు. తర్వాత మెజిస్ట్రేట్ దగ్గర అదే చట్టం 175(3) కింద, కేసు కట్టించమని పిటిషన్ వేసేటప్పుడు, అఫిడవిట్‌తో పాటు మొదట అడిగేది ఆ రసీదే.

"గవర్నమెంటు పర్మిషన్ కావాలంట కదా సార్?" ఎఫ్ఐఆర్‌కి అక్కర్లేదు. చార్జిషీట్ వేశాక కోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి కావాలి. చాలా కేసులు ఆగేది అక్కడే, అందుకని ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కుంటూ ఉండాలి.

అపోహ: స్టేటస్ పెడితే జైలే

ఇది పిల్లల తల్లుల కోసం. అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆర్టికల్ 370 రద్దయిన ఆగస్టు 5ను చీకటి రోజు అంటూ, పాకిస్తాన్ స్వాతంత్ర్య దినానికి శుభాకాంక్షలు చెబుతూ వాట్సాప్ స్టేటస్ పెట్టిన ఒక ప్రొఫెసర్ మీద మహారాష్ట్రలో పెట్టిన 153ఏ కేసును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 మార్చిలో కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద కవిత గురించి పెట్టిన కేసులోనూ అంతే. దేనికైనా బెదిరిపోయే మనిషి కళ్లతో కాదు, నిబ్బరం ఉన్న మనిషి కళ్లతో ఆ మాటను చూడాలని చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా ముందు వచ్చేది స్టేషన్‌కు రమ్మనే నోటీసు. మన దగ్గర ఇప్పటికీ అందరూ 41ఏ అనే అంటారు, కొత్త నంబరు 35(3). నోటీసు వస్తే వెళ్లండి, ఫోన్ రీసెట్ మాత్రం చేయించకండి. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి చేతిలో ఉందని.

"నేను రాయలేదు, ఫార్వర్డే చేశాను" అనేది మాత్రం నన్నడిగితే కాపాడదు. వేరేవాళ్లు రాసిన పోస్టును పంచుకున్న తమిళ నటుడు ఒకరి కేసును కొట్టేయడానికి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఉత్త గ్రూప్ అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటుకోదని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి.

మిగతావి గబగబా. ముస్లిం అని తిడితే అట్రాసిటీ కేసు రాదు, అది ఎస్సీ ఎస్టీలకే. మతం చూసి హోటల్లోకి, షాపులోకి రానివ్వకపోతే రాజ్యాంగం 15(2) ఉంది. అద్దె ఇల్లు ఇవ్వనంటే నేరుగా పట్టుకునే చట్టం లేదు, ఆ విషయంలో నేనెవరికీ ఆశ పెట్టను. ఉత్తరాదిలో కావడ్ యాత్ర దారిలో హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయాలన్న యూపీ, ఉత్తరాఖండ్ ఆదేశాలను 2024 జులై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఆ బెంచ్‌లో ఉన్న మన మదనపల్లె జస్టిస్ భట్టి, కేరళలో తాను శాకాహారం కోసం ముస్లిం నడిపే హోటల్‌కే వెళ్లేవాణ్ణని, అక్కడ శుభ్రత బాగుండేదని చెప్పారు.

అపోహ: బెంగాలీ మాట్లాడితే బంగ్లాదేశీ, వాళ్లకు కోర్టు లేదు

కృష్ణపట్నం వైపు, చీమకుర్తి క్వారీల్లో, రొయ్యల చెరువుల మీద బిహార్, ఒడిశా, బెంగాల్ కూలీలు పనిచేస్తున్నారు. 196లో మతం ఒక్కటే కాదు, పుట్టిన చోటు, నివాసం, భాష కూడా ఉన్నాయి. తమిళనాడులో బిహారీలను కొడుతున్నారని 2023లో తప్పుడు వీడియోలు తిప్పిన యూట్యూబర్ అరెస్టయ్యాడు, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. ఇక విదేశీయుడనే అనుమానం గురించి: కాదని రుజువు చేసుకునే భారం చట్టంలో ఆ మనిషి మీదే ఉంది. అయితే ఏ ఆధారమూ లేకుండా ఎవరినో ఒకర్ని పట్టుకుని "నువ్వు విదేశీయుడివి" అనడానికి వీల్లేదని 2024 జులైలో అస్సాం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగితాల్లో పేరు స్పెల్లింగు తేడాలు పెద్దవిగా చూడొద్దనీ చెప్పింది. ఢిల్లీ నుంచి బంగ్లాదేశ్‌కు పంపేసిన ఒక బెంగాల్ గర్భిణిని, ఆమె కుటుంబాన్ని వెనక్కి తీసుకురమ్మని 2025 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. విదేశీయుడే అయినా ఆర్టికల్ 14, 21 వర్తిస్తాయి.

ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే ఉంది. సొంతూరి ఓటరు లిస్టు, బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల భూమి కాగితాలు ఫొటోలు తీసి ఊళ్లో ఒకరి ఫోన్లో కూడా ఉంచమని మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకు చెప్పండి. మేస్త్రీ వాళ్ల ఒరిజినల్ కార్డులు పెట్టుకుని ఉంటే, ముందు అవి ఇప్పించండి.