వీకెండ్ పైలట్లు: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

శుక్రవారం సాయంత్రం దాకా నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు పొద్దున పూట డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో, సరదాకి విమానం నడపాలనుకునేవాళ్ళకి నేర్పుతుంటాను. ఎయిర్‌లైన్స్ ఉద్యోగం కోసం వచ్చే కుర్రాళ్ళు నా దగ్గర తక్కువ. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీల నుంచి నలభై దాటినవాళ్ళు ఎక్కువగా వస్తారు. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లలు కాస్త చేతికందొచ్చారు, ఇన్నాళ్ళూ వాయిదా వేసిన ముచ్చట ఏదో ఒకటి తీర్చుకోవాలని ఉంటుంది. వాళ్ళలో మనవాళ్ళు బాగానే ఉంటారు. పుట్టినరోజు పార్టీల్లో, గుడి క్యాంటీన్ దగ్గర నన్ను పట్టుకుని అడిగే ప్రశ్నలు మాత్రం పదేళ్ళుగా ఏమీ మారలేదు.

అపోహ: ఇంజిన్ ఆగిపోతే రాయిలా పడిపోతుంది

అత్తయ్యల మొదటి ప్రశ్న ఇదే. విమానాన్ని గాల్లో నిలిపేవి రెక్కలు. ఇంజిన్ ఆగినా ముక్కు కాస్త దించి వేగం నిలబెట్టుకుంటే రెక్కలు తమ పని చేస్తూనే ఉంటాయి. మేం నేర్పే నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172, ఇంజిన్ లేకుండా ఒక అడుగు దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు సాగుతుంది. నేలకు 3,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగిందనుకోండి, గాలి ఎదురు లేకపోతే ఎనిమిది కిలోమీటర్లు పోవచ్చు, చేతిలో నాలుగు నిమిషాల దాకా టైమ్ ఉంటుంది. ఉత్తర టెక్సస్‌లో ఆ దూరంలో ఏదో ఒక పచ్చిక మైదానమో, పొలమో దొరుకుతుంది. లైసెన్స్ వచ్చేలోపు ఇంజిన్ శక్తి పూర్తిగా తగ్గించేసి "ఇప్పుడు ఎక్కడ దిగుతావ్?" అని మేం అడగడం, స్టూడెంట్ దిగే చోటు వెతకడం చాలాసార్లు జరుగుతుంది.

ఇంజిన్ కూడా అంత తేలిగ్గా ఆగదు. ప్రతి సిలిండర్‌కీ రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి బ్యాటరీతో పని లేకుండా కరెంటు పుట్టించే రెండు వేర్వేరు మాగ్నెటోలు ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఆగినచోట్ల చాలాసార్లు కారణం ట్యాంకులో పెట్రోలు అయిపోవడమే. అది ఇంజిన్ తప్పు కాదు. అయితే నిజంగా ఇబ్బందైన సమయం ఒకటుంది: టేకాఫ్ అయిన మొదటి కొన్ని వందల అడుగులు. అక్కడ వెనక్కి తిరిగి రన్‌వేకి రావాలని చూడకూడదు, ఎదురుగా ఉన్నదాంట్లో దిగాల్సిందే.

అపోహ: విమానం కారు కంటే సేఫ్, లెక్కలే చెబుతున్నాయి

ఇది భయపడేవాళ్ళ అపోహ కాదు, మా పైలట్లు ఇంట్లోవాళ్ళని ఒప్పించడానికి వాడే అపోహ. ఆ లెక్కలు ఎయిర్‌లైన్స్‌వి. ఇద్దరు పైలట్లు, రెండు ఇంజిన్లు, కింద ఫ్లైట్ ప్లాను చూసుకునే డిస్పాచర్లు ఉన్న వ్యవహారం అది. మా చిన్న విమానాల్లో సుమారు లక్ష గంటలకు ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతోంది. పోల్చాలంటే కారు కంటే మోటార్‌సైకిల్ దగ్గరికి వస్తుంది. భార్యకో భర్తకో ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. దాచిపెట్టి మొదలుపెట్టిన హాబీ ఎక్కువకాలం సాగదు.

కానీ ఈ లెక్కలో చాలా భాగం పైలట్ చేతిలోనే ఉంటుంది. మొదటి లైసెన్స్ అయిన ప్రైవేట్ పైలట్‌తో కళ్ళతో బయటికి చూస్తూ మాత్రమే నడపాలి, మబ్బుల్లోకి వెళ్ళకూడదు. వెళ్తే ఏమవుతుందో 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూశారు. పరికరాలు చూసి నడపడం రాని ఇరవై మందికి బయటి దృశ్యం కనపడకుండా చేశారు. ఇరవై మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. చెవి లోపల మనకి బ్యాలెన్స్ చెప్పే వ్యవస్థ అక్కడ అబద్ధం చెబుతుంది. విమానం ఒక పక్కకి ఒరిగిపోతుంటే నిటారుగా ఉన్నామనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి స్టూడెంట్‌కీ కనీసం మూడు గంటలు పరికరాల మీదే నడిపిస్తాం. మబ్బు ఎదురైతే వెనక్కి తిరిగి బయటపడటానికి సరిపోయే విద్య అది, ముందుకు పోవడానికి కాదు.

మరి తెలిసి తెలిసి మబ్బుల్లోకి ఎందుకు వెళ్తారు? ఆదివారం సాయంత్రం వల్ల. కుటుంబంతో శనివారం ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళారనుకోండి. కారులో నాలుగున్నర, ఐదు గంటల దారి, 172లో రెండు గంటలు. రన్‌వే పక్కనే హోటల్, డైనర్ ఉన్నాయి, పిల్లలకి భలే సరదా. తిరిగొచ్చే పూట పశ్చిమం నుంచి ఉరుముల వరస కదలి వస్తోంది. పెద్ద ఉరుముల మబ్బుకి ఇరవై మైళ్ళ దూరంలో ఉండమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. కానీ సోమవారం పిల్లలకి స్కూలు, మీకు తొమ్మిదింటికి మీటింగ్, వెనక సీట్లోంచి "ఇంకెంతసేపు నాన్నా?" అని గొడవ. "సందు కనిపిస్తోంది కదా, దూరిపోదాం" అనిపించేది అక్కడే.

నా స్టూడెంట్లకి నేను పెట్టే రూల్ ఒకటి: కుటుంబంతో బయల్దేరేముందే ఇంట్లో చెప్పేయండి, అవసరమైతే విమానం అక్కడే వదిలేసి అద్దె కారులో వస్తామని, లేదా సోమవారం సెలవు పెడతామని. ఆ ఖర్చు ట్రిప్పు ఖర్చులో ముందే కలిపేసుకోండి. ఏ టైమ్‌కి చేరతామో అవతల ఎవరికీ మాట ఇవ్వొద్దు, ముఖ్యంగా భోజనానికి పిలిచినవాళ్ళకి. ఈ మాటలు నచ్చనివాళ్ళకి ఉరుముల వానలతో ఉండే టెక్సస్ వసంతకాలం నచ్చదు.

అపోహ: నాలుగు సీట్లుంటే నలుగురు ఎక్కొచ్చు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇది పెద్ద సమస్య. లెక్క చూడండి. మా 172లో మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి మోయగలిగింది 880 పౌండ్లు. ట్యాంకులు నిండితే వాడుకోదగ్గ పెట్రోలు 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 318. మిగిలింది 562 పౌండ్లు. మనిషికి 170 వేసుకున్నా నలుగురు 680. కుదరదు. పెట్రోలు 33 గ్యాలన్లకి తగ్గిస్తే నలుగురూ పడతారు, మూడున్నర గంటలు గాల్లో ఉండొచ్చు, కానీ ఒక్క సూట్‌కేసు కూడా పట్టదు. అమ్మ తెచ్చిన ఆవకాయ డబ్బా కారులో రావాల్సిందే.

దీనికి ఎండ తోడవుతుంది. మా ఎయిర్‌పోర్టు 600 అడుగుల ఎత్తులో ఉంది. జులైలో 38 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, విమానానికి అది దాదాపు మూడున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కే వేగం తగ్గుతుంది. అందుకే నిండా జనంతో ఎగరాలంటే పొద్దున్నే.

బరువు అడగడం మొహమాటమే. మావయ్యగారి బరువెంతో ఊహించి రాసేవాళ్ళని చూశాను, ఆ ఊహ ఎప్పుడూ తక్కువ వైపే ఉంటుంది. నేను హ్యాంగర్ (విమానం పెట్టే షెడ్డు) గుమ్మంలో ఒక బరువు తూచే మెషీన్ పెట్టాను. ముందు నేనెక్కుతాను, తర్వాత అందరూ నవ్వుకుంటూ ఎక్కేస్తారు.

అపోహ: కళ్ళజోడు ఉంటే, షుగర్ ఉంటే, యాభై దాటితే లైసెన్స్ ఇవ్వరు

కళ్ళజోడుతో చూపు 20/40 ఉంటే సరదా పైలట్‌కి సరిపోతుంది. వయసుకి పైపరిమితి లేదు, కింద మాత్రం 17 ఏళ్ళు నిండాలి. నలభై లోపువాళ్ళకి మెడికల్ సర్టిఫికెట్ అయిదేళ్ళు, ఆపైన రెండేళ్ళు నడుస్తుంది. అదుపులో ఉన్న బీపీకి చాలా మందులు ఒప్పుకుంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి కూడా, కాగితాలు ఎక్కువైనా, దారి ఉంది.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. డిప్రెషన్‌కో, ఏడీహెచ్‌డీకో ఎప్పుడైనా మందులు వాడి ఉంటే నేరుగా వెళ్ళి ఫారం నింపేయొద్దు. ముందు విమానయాన వైద్యుడితో విడిగా మాట్లాడండి. ఎందుకంటే డ్రైవింగ్ లైసెన్స్‌నే మెడికల్‌గా వాడుకునే స్పోర్ట్ పైలట్ అనే దారి ఒకటుంది, కనీసం 20 గంటల శిక్షణతో వస్తుంది. 2025 అక్టోబరు నుంచి దాని నిబంధనలు సడలించారు కాబట్టి 172 లాంటివి కూడా అందులోకి వచ్చాయి. కానీ మామూలు మెడికల్‌కి వెళ్ళి తిరస్కరణ తెచ్చుకుంటే ఈ దారి కూడా మూసుకుపోతుంది. స్పోర్ట్ పైలట్ ఒక్కరినే వెంట తీసుకెళ్ళగలరు. కుటుంబమంతా కలిసి ఎగరాలంటే అది చాలదు.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్ళకి కుదరదు, మన యాస వాళ్ళకి అర్థం కాదు

హెచ్‌వన్‌బీ మీద ఉద్యోగం చేసుకుంటూ సరదాకి నేర్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికా పౌరులు కానివాళ్ళు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, శిక్షణ మొదలుపెట్టేముందు రవాణా భద్రత చూసే టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి. వేలిముద్రలు, ఫీజు, కొంత ఎదురుచూపు, అంతే. ఒకసారి సరదాగా ఎక్కి చూసే పరిచయ ఫ్లైట్‌కి అదీ అక్కర్లేదు.

యాస సంగతి నాకు నవ్వొస్తుంది. టవర్‌తో మాట్లాడేది కట్టుదిట్టమైన కొన్ని మాటలే: ఎవరిని పిలుస్తున్నాం, నేనెవరు, ఎక్కడున్నాను, ఏం కావాలి. గబగబా మాట్లాడే తెల్లవాళ్ళ కంటే నిదానంగా మాట్లాడే మనవాళ్ళ మాటే టవర్‌కి బాగా తెలుస్తుంది. ఇక్కడి తెలుగు సంఘంలో ఏటా ఉగాదికి నాటిక వేసే ఒకాయన నా దగ్గర నేర్చుకున్నాడు. రేడియో మాటలన్నీ డైలాగుల్లా కంఠతా పట్టేశాడు, ఒక్క తడబాటు లేదు. కంట్రోలర్ అనుకోని ప్రశ్న వేస్తే మాత్రం నోరు పెగిలేది కాదు, స్టేజీ పక్క నుంచి ఎవరైనా ప్రాంప్టింగ్ ఇస్తారేమో అన్నట్టు నా వైపు చూసేవాడు. కారు నడుపుతూ టవర్, పైలట్ల రేడియో మాటల రికార్డింగులు నెలపాటు విన్నాక సర్దుకున్నాడు.

అపోహ: నలభై గంటలు చాలు

నలభై అనేది ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి చట్టం పెట్టిన కనీస హద్దు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి మా దగ్గర మామూలుగా 60 నుంచి 75 గంటలు పడుతుంది. 172 అద్దె పెట్రోలుతో కలిపి గంటకి 170 నుంచి 200 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కి 60 నుంచి 90. పరీక్ష, పరీక్షకుడి ఫీజు, హెడ్‌సెట్ అన్నీ వేసుకుంటే 15 నుంచి 20 వేల డాలర్లు అనుకోండి. ఎవరైనా ఎనిమిది వేలలో అయిపోతుందంటే, వాళ్ళు నలభైతో గుణించి చెబుతున్నారని అర్థం.

ఖర్చు తగ్గించేది ఒక్కటే, వారానికి రెండుసార్లు రావడం. రెండు వారాలకోసారి వచ్చేవాళ్ళకి పోయినసారి నేర్చింది గుర్తు చేయడంలోనే సగం పాఠం అయిపోతుంది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న నెలల్లో మొదలుపెట్టొద్దు. విమానం కొనాల్సిన పనీ లేదు. పదిహేను, ఇరవై మంది కలిసి నడుపుకునే ఫ్లయింగ్ క్లబ్బులు ఉన్నాయి, స్కూళ్ళ కంటే అద్దె తక్కువ.

అపోహ: ఈ పిచ్చి పట్టిందంటే ఇంటికి మనిషి దక్కడు

గోల్ఫ్‌కి పోయేవాళ్ళ గురించి ఎవరూ అనరు గానీ, సరే. పొద్దున ఆరున్నరకి వచ్చినవాళ్ళు పదింటికి ఇంట్లో ఉంటారు, పిల్లల్ని మనబడి తెలుగు క్లాసుకి దించడానికి టైమ్ సరిపోతుంది. మధ్యాహ్నం మా వైపు గాలి ఎలాగూ కుదుపులు కుదుపులుగా ఉంటుంది, అప్పుడు నేర్చుకునేది తక్కువ.

ఇంట్లోవాళ్ళని మొదటిసారి ఎక్కించేటప్పుడు చాలామంది ఉత్సాహంలో చెడగొడతారు. మొదటి ఫ్లైట్ అరగంట మించొద్దు, ఎండెక్కకముందే అయిపోవాలి, మలుపులు మెల్లగా తిప్పాలి. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళొద్దు, రెండు ఇడ్లీ తినిపించండి, పూరీ వద్దు. బాత్‌రూమ్ లేదని పిల్లలకి ముందే చెప్పండి. మీ హెడ్‌సెట్ సంగతి ఎలా ఉన్నా భార్యకి మంచి హెడ్‌సెట్ ఇవ్వండి. సగం భయం శబ్దం వల్లే. మీ విన్యాసాలు చూపించడానికి ఆ రోజు కాదు. నచ్చితే ముందు సీట్లో కూర్చునేవాళ్ళకి రేడియో వాడటం, విమానాన్ని తిన్నగా నడపడం, అవసరమైతే దించడం నేర్పే చిన్న కోర్సులున్నాయి. అవి చేశాక వాతావరణం బాగోలేదని ముందుగా చెప్పేది వాళ్ళే.

మరికొన్ని గబగబా. లైసెన్స్‌కి గడువు లేదు కానీ రెండేళ్ళకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో రివ్యూ చేయించుకోవాలి, మనుషుల్ని ఎక్కించాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. స్నేహితులు ఖర్చు పంచుకోవచ్చు, కానీ పైలట్‌తో కలిపి నలుగురు వెళ్తే కనీసం పావు వంతు పైలటే పెట్టుకోవాలి, లాభం తీసుకోకూడదు. అమెరికా లైసెన్స్‌తో ఇండియా వెళ్ళి అక్కడి విమానం తీసుకుని తిప్పేయడం కుదరదు, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి కావాలి. ఇక పెళ్ళి మండపం మీద పూలు చల్లమని అడిగేవాళ్ళకి: జనం ఉన్నచోట వెయ్యి అడుగుల కంటే కిందికి రాకూడదు, అంత ఎత్తునుంచి చల్లిన పూలు పక్క వీధిలో వాళ్ళ స్విమ్మింగ్ పూల్‌లో పడతాయి. డబ్బు తీసుకుంటే అది ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌తో చేసే పనే కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు ఒక పరిచయ ఫ్లైట్ ఎక్కండి, రెండు మూడు స్కూళ్ళు తిరగండి, ఏ ఇన్‌స్ట్రక్టర్‌తో నేర్చుకోబోతున్నారో ఆయనతోనే ఎక్కండి. డిస్కౌంట్ ఇస్తామని పదివేలు ముందే కట్టమంటే కట్టొద్దు. స్కూలు మూతపడితే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. ఎక్కిన రోజు లెక్క ఆ రోజే తేల్చుకోండి.