కంప్యూటర్‌లో చాటింగ్ ఫోన్ నంబర్‌కు ఎలా ముడిపడింది

2025 నవంబర్ 28న కేంద్ర టెలికం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై లాంటి మెసేజింగ్ యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది. ఖాతా తెరిచిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడవాలి. కంప్యూటర్‌లో తెరిచే వెబ్ వెర్షన్ అయితే ఆరు గంటలు దాటకుండా లాగౌట్ కావాలి, మళ్లీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే తెరుచుకోవాలి. అమలుకు 90 రోజుల గడువు పెట్టారు. విదేశాల్లో కూర్చుని మన నంబర్లతో మోసాలు చేసేవాళ్లకు అడ్డుకట్ట వేయడానికే ఇదంతా అన్నారు. మోసాలు నిజమే, జనం డబ్బులు పోతున్న మాటా నిజమే. కానీ నల్లగొండ, పాలమూరు వైపు చిన్న వ్యాపారాలకు నేరుగా తగిలేది రెండో షరతు.

మిర్యాలగూడలో ఏదైనా రైస్ మిల్లు ఆఫీసుకు వెళ్లి చూడండి. గుమాస్తా కంప్యూటర్‌లో ఒక పక్క ట్యాలీ, ఇంకో పక్క వాట్సాప్ వెబ్. కాంటా చీటీ ఫొటో, వే బిల్లు, లారీ నంబర్, బయటి వ్యాపారి అడిగే రేటు అన్నీ అందులోకే వస్తాయి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి జిరాక్స్ షాపుల్లోనూ అదే తంతు. “అన్నా, నీ నంబర్‌కు పంపిన చూడు, రెండు కాపీలు తియ్యి” అంటారు. ఆధార్ అయినా, పాసుబుక్కు అయినా, పిల్లల హాల్‌టికెట్ అయినా ఆ దారినే ప్రింటర్‌కు చేరుతుంది. పెన్‌డ్రైవ్ తెచ్చేవాళ్లు దాదాపు లేరు. ఆ నంబరేమో ఓనర్ జేబులోని ఫోన్‌ది. ఆయన అన్నానికి ఇంటికి పోయినప్పుడు లాగౌట్ అయిందంటే కౌంటర్‌లో ఉన్న పిల్లగాడు చేసేదేమీ ఉండదు.

మొదట్లో ఈ బాధ లేదు. చాటింగ్ పుట్టిందే కంప్యూటర్‌లో. ఇజ్రాయెల్‌లో 1996 నవంబర్‌లో ఐసీక్యూ అనే చాటింగ్ ప్రోగ్రామ్ వచ్చింది. 1997లో అమెరికా కంపెనీ ఏఓఎల్ తన మెసెంజర్ ఎయిమ్ తెచ్చింది, 1998లో యాహూ, 1999లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్ఎన్ మెసెంజర్ దిగాయి. మన జిల్లా కేంద్రాల్లోని నెట్ సెంటర్లలో రాజ్యమేలింది యాహూ మెసెంజరే. హెడ్‌ఫోన్ పెట్టుకుని, వెబ్‌క్యామ్ ముందు కూర్చుని, అమెరికాలో ఉన్న కొడుకు ముఖం ముక్కలు ముక్కలుగా కదులుతుంటే చూసి మురిసిపోయిన తల్లిదండ్రులు ఎందరో. ఖాతాకు ఒక పేరు, పాస్‌వర్డ్ చాలు. ఫోన్ నంబర్ ఎవరూ అడగలేదు. చిక్కల్లా ఒక్కటే: యాహూలో ఉన్నవాడికి ఎంఎస్ఎన్‌లో ఉన్నవాడితో మాట కలవదు.

ఈ గోడలు కంపెనీలు కావాలని కట్టుకున్నవే. 1999లో మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్ నుంచి ఎయిమ్ వాళ్లతో మాట్లాడే వీలు కల్పిస్తే ఏఓఎల్ అడ్డుకుంది. మైక్రోసాఫ్ట్ ఇంకో దారి వెతికింది, ఏఓఎల్ దాన్నీ మూసింది. అలా కొన్ని నెలలు సాగాక మైక్రోసాఫ్టే వదిలేసుకుంది.

అంత పెద్ద కంపెనీ చేతులెత్తేసిన పనిని కొందరు కుర్రాళ్లు తీరిక వేళల్లో చేసుకుంటూ పోయారు. ఆబర్న్ యూనివర్సిటీ విద్యార్థి మార్క్ స్పెన్సర్ 1998లో లైనక్స్ కంప్యూటర్ల కోసం గెయిమ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. తర్వాత ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్నది ఇతనే. మొదట గెయిమ్‌లో ఎయిమ్ ఒక్కటే నడిచేది. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం, అందరికీ తెరిచి ఉంది (దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు) కాబట్టి ఒకరు యాహూ కలిపారు, ఒకరు ఎంఎస్ఎన్ కలిపారు. చివరికి అన్ని ఖాతాలూ ఒకే కిటికీలోకి వచ్చేశాయి. కంపెనీలు తమ పద్ధతి మార్చిన ప్రతిసారీ వలంటీర్లు కూర్చుని ఆ కొత్త పద్ధతిని విప్పి చూసి, కొత్త వెర్షన్ వదిలేవాళ్లు. జీతం లేదు, థ్యాంక్స్ కూడా తక్కువే. పేరులో ఎయిమ్ ఉందని ఏఓఎల్ ట్రేడ్‌మార్క్ గొడవ పెట్టుకుంటే, 2007 ఏప్రిల్‌లో రాజీ చేసుకుని పిడ్జిన్ అని మార్చుకున్నారు. దాని లోపల అసలు పని చేసే కోడ్ లిబ్‌పర్పుల్‌ మీదే మ్యాక్ కంప్యూటర్ల మెసెంజర్ అడియం కూడా నడిచింది.

ఈ కథలో తెలుగుకూ చోటుంది. 2005 ప్రాంతంలో కేంద్ర ఐటీ శాఖ, దాని కింది కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి భారతీయ భాషల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ సీడీలు పంచాయి. ఫాంట్లు, ఓపెన్ ఆఫీస్, ఫైర్‌ఫాక్స్‌తో పాటు గెయిమ్ కూడా వాటిలో ఉంది. నెట్ సెంటర్లలో ‘ela unnav’ తరహాలో ఇంగ్లిష్ అక్షరాల తెలుగు కొట్టే రోజులవి. మెనూలు తెలుగులో ఉన్న మెసెంజర్ ప్రభుత్వమే ఇచ్చినా మన వైపు పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

గెయిమ్ గోడలు దూకడం నేర్పింది, గోడలు మాత్రం అలాగే ఉన్నాయి. అసలు గోడే అక్కర్లేని పద్ధతిని 1999 జనవరిలో జెరమీ మిల్లర్ ప్రకటించాడు. దాని పేరు జాబర్. 2004లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ దాన్ని ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఆమోదించింది. చిరునామా ఈమెయిల్‌లాగే ఉంటుంది. మెసేజ్‌లు అందుకుని పంపే కంప్యూటర్, అంటే సర్వర్, ఎవరిది వాళ్లు పెట్టుకోవచ్చు, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అంటే నల్లగొండలో ఒక కాలేజీ పాత కంప్యూటర్ మీద సర్వర్ పెట్టుకుని, అక్కడి నుంచి ప్రపంచంలో ఏ జాబర్ ఖాతాతోనైనా మాట్లాడవచ్చు. సై, గాజిమ్, కోపెటే, పిడ్జిన్... ఏ ప్రోగ్రామ్ నచ్చితే అది వాడుకోవచ్చు.

గూగుల్ 2005 ఆగస్టులో తన మెసెంజర్ గూగుల్ టాక్‌ను ఈ పద్ధతి మీదే తెచ్చింది. 2006 జనవరిలో బయటి సర్వర్లకూ తలుపు తెరిచింది. గెయిమ్‌ను ముందుండి నడిపిన షాన్ ఈగన్ గూగుల్ టాక్‌లో చేరాడు. 2010లో ఫేస్‌బుక్ చాట్‌లోకి కూడా ఇదే పద్ధతిలో పిడ్జిన్ నుంచి వెళ్లే వీలొచ్చింది. ఓపెన్ సోర్స్ చాటింగ్‌కు అవే మంచి రోజులు. ఆ తర్వాత ఒక్కొక్క తలుపే మూసుకుంది. 2013లో గూగుల్ హ్యాంగౌట్స్ తెచ్చి బయటి సర్వర్లను దూరం పెట్టింది, 2015లో ఫేస్‌బుక్ ఆపేసింది.

తప్పంతా కంపెనీలదే అనడం సగం నిజం. పిడ్జిన్‌లో ఒక ఫొటో అవతలికి చేరడమే కష్టంగా ఉండేది, సగం సార్లు మధ్యలోనే ఆగిపోయేది. ఫోన్‌లో బ్యాటరీ తినకుండా నడిచే జాబర్ యాప్ రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు 2009లో మొదలైన వాట్సాప్ అదే ఎక్స్‌ఎంపీపీని, ఈజాబర్‌డీ అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌ను తీసుకుని, తనకు కావలసినట్టు మార్చుకుని తలుపు వేసుకుంది. చిరునామా స్థానంలో ఫోన్ నంబర్ పెట్టింది. 2016లో జియో వచ్చాక దేవరకొండ, అచ్చంపేట పల్లెల్లో చాలామందికి ఇంటర్నెట్ ఫోన్‌తోనే మొదలైంది. ఈమెయిల్ అంటే తెలియని మనిషికి నంబరే సులువు. అది గెలవడంలో వింతేమీ లేదు. 2015 జనవరిలో వచ్చిన వాట్సాప్ వెబ్ కంప్యూటర్‌ను ఫోన్‌కు అద్దంలా మార్చింది. 2021 దాకా ఫోన్ స్విచాఫ్ అయితే కంప్యూటర్‌లోనూ ఆగిపోయేది. ఎయిమ్ 2017 డిసెంబర్‌లో, యాహూ మెసెంజర్ 2018 జులైలో మూతపడ్డాయి.

‘ఓపెన్ సోర్స్ అయితే చాలు’ అనేవాళ్లకు సిగ్నల్‌ను చూపించాలి. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు. కానీ సొంత సర్వర్ పెట్టుకుని సిగ్నల్ వాడేవాళ్లతో మాట్లాడలేం, ఖాతాకు నంబర్ తప్పనిసరి. అందుకే కొత్త ఆదేశం దానికీ వర్తించింది. యూరప్‌లో పెద్ద టెక్ కంపెనీలను కట్టడి చేసే డిజిటల్ మార్కెట్స్ చట్టం ఒత్తిడితో 2025 నవంబర్‌లో వాట్సాప్ రెండు చిన్న యాప్‌లకు, బర్డీచాట్, హైకెట్‌లకు, తలుపు తెరిచింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అరట్టై తెచ్చిన జోహో కంపెనీ సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు మాత్రం మెసేజింగ్ కూడా యూపీఐలా, ఈమెయిల్‌లా అందరి మధ్యా నడవాలని 2025లో అన్నారు.

నంబర్ లేని ఖాతాలు ఇప్పటికీ ఉన్నాయి. గాజిమ్ ఇంకా నడుస్తోంది. జాబర్‌లాగే ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోగల, 2014లో మొదలైన మ్యాట్రిక్స్ పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం వాడుతోంది. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో మ్యాట్రిక్స్ ప్రోగ్రామ్ ఎలిమెంట్ పెట్టుకుంటే ఓనర్ ఫోన్‌తో పని లేదు, ఆరు గంటల లెక్కా ఉండదు. వచ్చిన గిరాకీ దగ్గర ఆ ఖాతా ఉండాలి కదా అన్నది ఒక చిక్కు. రెండోది, 2023 మేలో జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ కేంద్రం నిషేధించిన 14 యాప్‌లలో ఈ ఎలిమెంట్ కూడా ఉంది. దాని మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు కేరళ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.