కేటలాగులో చోటెవరికి? గోదావరి జిల్లాల పాత తగువు

సమకాలీన కళా ప్రదర్శన ఒకటి ముగిసింది. దానిపై ఒక మ్యూజియం అచ్చువేసిన కేటలాగు చేతికి రాగానే గోదావరి జిల్లాల చిత్రకారుల్లో పాత తగువు మళ్లీ రాజుకుంది. ముందు పేజీల్లో పెద్ద పెద్ద వ్యాసాలు, నిండు పేజీ బొమ్మలు ఉన్నాయి. డెల్టా వారి పనులకు మాత్రం చివర సన్నని అక్షరాల జాబితాలో చోటు దొరికింది. అక్కడ పేరు, ఏడాది, మాధ్యమం, కొలత ఉన్నాయి, బొమ్మ లేదు. గోడ మీద అందరితో సమానంగా వేలాడదీసిన కాన్వాసు పుస్తకంలోకి వచ్చేసరికి ఒక్క వరుసకు కుదించుకుపోయింది.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు ఎవరో, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయనను బొంబాయిలో చదువుకోమని ఎలా ప్రోత్సహించారో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ తగువు వేళ్లు ఆ తర్వాతి కాలంలో, 1925 ఫిబ్రవరిలో ఉన్నాయి.

ఆ నెలలో మశూచి సోకి రామారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. అంతకు ముందు ఏడాదే లండన్ శివారు వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో ఆయన చిత్రాలు పెట్టారు. ఆయన పోయాక వరదా వెంకటరత్నం, ఇతర మిత్రులు, కుటుంబం తీసుకున్న నిర్ణయమే తర్వాతి కథనంతా నడిపింది. చిత్రాలను ఎవరికివారు పంచుకోలేదు, అమ్ముకోలేదు. అన్నీ ఒక్కచోట, రాజమండ్రిలోనే ఉంచారు. చిత్రకళ నేర్పే బడి నడిపారు, చిత్రశాల నిలబెట్టారు. ఆ పట్టుదలే లేకపోతే ఈరోజు మనం చూడటానికి ఏమీ మిగిలేది కాదు.

అయితే బొమ్మ ఊళ్లో భద్రంగా ఉంటే చాలదు, దాని అచ్చు ఊరు దాటాలి. కలకత్తా వారికి ఆ సంగతి ముందే తెలుసు. అక్కడి ‘ప్రవాసి’, ‘మోడరన్ రివ్యూ’ పత్రికలు బెంగాల్ చిత్రకారుల పనులను రంగుల్లో అచ్చేసి దేశమంతా తిప్పాయి. అసలు చిత్రం ఎన్నడూ చూడనివారు కూడా అవనీంద్రనాథ్ ఠాకూర్ శైలి గురించి వాదించుకోగలిగారు. మనకు 1924లో ‘భారతి’ పత్రిక వచ్చింది, అదీ రంగుల బొమ్మలు వేసింది. కానీ దాన్ని చదివింది తెలుగువారే. ఆధునిక భారత చిత్రకళ చరిత్ర ఇంగ్లీషులో రాసుకుంటున్నప్పుడు ముందు పెట్టుకున్న కాగితాల్లో గోదావరి పాలు చాలా తక్కువ. అందులోనూ రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ పాలు ఇంకా తక్కువ. ఇద్దరూ చిత్రకారిణులే. రామారావు గురించి రాసేవారు వారిని చాలాసార్లు ఒక్క వాక్యంతో దాటేస్తారు.

‘జాబితాలో పేరుందిగా, ఇంకేం కావాలి’ అనేవారికి కేటలాగు ఎలా మారిందో చెప్పాలి. 1673లో పారిస్ సలోన్ అనే కళా ప్రదర్శనకు వేసింది చేతిలో ఇమిడే చిన్న పుస్తకం, దాదాపు జాబితాయే. 1969 జనవరిలో న్యూయార్క్‌లో సెత్ సీగెలాబ్ అనే నిర్వాహకుడు లెక్క తిరగేశాడు. నలుగురు కళాకారులతో ప్రదర్శన పెట్టి, అసలు ప్రదర్శన కేటలాగేనని, గదిలో ఉన్నవి దానికి తోడు మాత్రమేనని ప్రకటించాడు. అప్పుడు వింతగా తోచిన ఆ మాట ఇప్పుడు మామూలైపోయింది. వీడియో ఆపేస్తే ఉండదు, గదిలో వస్తువులు అమర్చి చేసే ఇన్‌స్టలేషన్ విప్పేస్తే ఉండదు. ప్రదర్శన దించేశాక క్యూరేటర్లకు (ప్రదర్శనలు కూర్చేవారికి), కొనేవారికి, పరిశోధకులకు మిగిలేది పుస్తకమే. తర్వాతి ప్రదర్శనకు ఎవరిని పిలవాలో కూడా అందులో చూసే తేలుస్తారు.

నీటిరంగుల వారికి ఇది మరీ గట్టిగా తగులుతుంది. కాగితం మీద వేసిన చిత్రంపై వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది మ్యూజియంలు పాటించే లెక్క. అది మసక వెలుగే. అంత జాగ్రత్తపడినా కొన్ని నెలలు చూపించాక చిత్రాన్ని పెట్టెలోకి పంపాల్సిందే. ఇక్కడి గాలిలోని తేమ సంగతి సరేసరి. శ్రావణం వచ్చిందంటే ఫ్రేము వెనుక అట్ట ఉబ్బుతుంది, కాగితం అంచున గోధుమరంగు చుక్కలు లేస్తాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాల్లో పోయిన కాగితాలకు లెక్క లేదు. ఇలాంటి చోట మంచి ఫొటో, సరైన కొలత అచ్చులో ఉంటే అది చిత్రానికి రెండో ఆయుష్షు.

మ్యూజియం వాదన కూడా వినాలి. రంగుల పేజీకి ఖర్చు ఎక్కువ, అచ్చుకు పనికొచ్చే ఫొటోలు గడువులోగా అందలేదు, కొందరి నుంచి అనుమతి పత్రాలు రాలేదు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. ఫోనులో తీసిన ఫొటో పేజీ నిండా సాగదీస్తే చెదిరిపోతుంది.

చిత్రకారులు అడిగేది వేరు. ఫొటోగ్రాఫర్‌ను పంపే ఖర్చు ఎవరిది? వ్యాసాలు ఎవరు రాయాలో తేల్చేటప్పుడు ఈ జిల్లాల నుంచి ఒక్కరినైనా ఎందుకు సంప్రదించలేదు? అచ్చుకు ముందు ప్రూఫులు చూపించి ఉంటే చిత్రం వేసిన ఏడాదిలో తప్పులు, ఎత్తు వెడల్పులు తారుమారైన కొలతలు అక్కడే దొరికేవి కదా? కేటలాగుల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయడం ఆనవాయితీ. అది తిరగబడితే నిలువు చిత్రం అడ్డచిత్రమని చరిత్రకు ఎక్కుతుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత అసలు చిత్రం బయటపడితే, కేటలాగుతో కొలత సరిపోలేదని దాన్నే అనుమానిస్తారు.

ప్రస్తుతానికి వారు కోరుతున్నవి రెండు. అమ్ముడుపోని ప్రతుల్లో తప్పొప్పుల పట్టిక అంటించాలి. మలి ముద్రణలో బొమ్మలు చేర్చాలి. మొదటిదానికి మ్యూజియం సరేనంది. రెండోదానికి డబ్బు చూసి చెబుతామంది.