తలుపు చప్పుడు

చి. వర్షిణికి, చి. కార్తీక్‌కి తాతయ్య ఆశీస్సులు.

కార్తీక్, సైకిల్ చైన్ ఊడి కాలవలో పడ్డావని అమ్మ ఫోన్లో చెప్పింది. మోకాలు మానుతోందా? "తప్పు చైన్‌దే తాతయ్యా!" అని నువ్వు వెనక నుంచి అరవడం కూడా వినపడింది. చైన్ ఊడితే సైకిల్ నెమ్మదిగా ఆగుతుంది, అంతేగానీ కాలవ వైపు తిరగదు కదరా. నువ్వు కిందికి చూస్తూ తొక్కావు, అవునా? తిట్టడానికి అడగట్లేదు. ముప్పై ఏళ్లు చిన్న విమానాలు రిపేరు చేసినవాణ్ని. తలపండిన పైలట్లు కూడా ఇదే పని చేయడం చూశాను.

ఓసారి మా హ్యాంగర్‌కి నాలుగు సీట్ల విమానం ఒకటి వచ్చింది. ప్రొపెల్లర్ రెక్కల చివర్లు నూనెలో వేసిన అప్పడంలా వెనక్కి ముడుచుకుపోయి ఉన్నాయి. పొట్ట కింద రేకు రన్‌వేకి రాసుకుని చిరిగింది. లోపలున్నవాళ్లకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

జరిగింది ఇంతే. పైకి లేచిన నిమిషానికి తలుపు పైగడియ ఊడింది. అలాంటి విమానం తలుపుకి రెండు గడియలుంటాయి, పక్కన ఒకటి, పైన ఒకటి. పైది సరిగా పడకపోతే గాల్లో తలుపు రెండు మూడు వేళ్ల సందు తెరుచుకుంటుంది. ఇక చప్పుడు చూడాలి! పక్క మనిషి మాట వినపడదు, కాగితాలు ఎగురుతాయి. సినిమాల్లోలా ఎవరినీ బయటికి లాగేయదులే. ఇంత చిన్న విమానంలో లోపలా బయటా గాలి ఒత్తిడి ఒకటే. ఎదురుగాలి తలుపుని అంతకుమించి తెరుచుకోనివ్వదు. విమానం మామూలుగానే ఎగురుతుంది.

ఆ పైలట్ మాత్రం ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని, రెండో చేత్తో విమానం నడుపుతూ వెనక్కి వచ్చాడు. చక్రాలు దించాల్సిన చోటు దాటిపోయింది. చక్రాలు దించకుండా ఇంజిన్ జోరు తగ్గిస్తే హారన్ మోగుతుంది. ఆ రోజూ మోగింది. వినపడలేదన్నాడు. అందరూ నవ్వారుగానీ నేను నమ్మాను. అతని చెవులు తలుపు దగ్గరే ఉండిపోయాయి.

నిజానికి అదృష్టవంతుడు. దిగే ముందు చివరి మలుపులో స్పీడు పడిపోవడం గమనించకపోతే, రెక్కలు గాలి మీద పట్టు తప్పుతాయి. దాన్ని స్టాల్ అంటారు. అంత కిందికి వచ్చాక స్టాల్ అయితే తేరుకోవడానికి ఎత్తు చాలదు.

"పక్కన ఇంకో పైలట్ ఉంటే సరిపోయేది కదా" అంటుంది వర్షిణి, నాకు తెలుసు. 1972 డిసెంబర్ 29 రాత్రి న్యూయార్క్ నుంచి మయామీ వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401లో, కాక్‌పిట్‌లోనే నలుగురున్నారు. ముందు చక్రం దిగిందని చెప్పే లైటు వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ పెట్టి, లైటు పనిలో పడ్డారు. ఊడదీసిన లైటు తిరిగి పెట్టబోతే ఇరుక్కుపోయింది. ఒకాయన చక్రాన్ని కళ్లతో చూడ్డానికి కాక్‌పిట్ కింది అరలోకి దిగాడు. ఈలోగా స్టీరింగ్‌కి ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది, ఎత్తు నిలబెట్టే పని ఆటోపైలట్ వదిలేసింది. విమానం మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా దిగిపోతోంది. ఎత్తు తగ్గుతోందని ఒక గంట కూడా మోగింది. ఎవరూ పట్టించుకోలేదు. కింద ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేల, ఒక్క దీపం లేని చీకటి. 176 మందిలో 101 మంది పోయారు. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, చక్రం దిగే ఉంది. మాడిపోయింది లైటులోని బల్బులే.

ఆ నలుగురూ తెలివితక్కువవాళ్లు కాదర్రా. బల్బు సంగతి తేలితే హాయిగా దిగొచ్చనుకున్నారు. కానీ ఆ కాసేపూ విమానం నడుపుతున్నది ఎవరు? ఇప్పుడు పెద్ద విమానాల్లో ఏదైనా చెడితే, నడిపేది ఎవరు, చెడినదాని సంగతి చూసేది ఎవరు అని ముందే పంచుకుంటారు. ఒక్కడే నడిపే చిన్న విమానంలో పంచుకోవడానికి మనిషి ఉండడు. అందుకే తలుపుని అలాగే వదిలేసి, గోల భరిస్తూ దిగమని నేర్పుతారు. చెప్పడం తేలికే. ఆ చప్పుడులో కూర్చుంటే తెలుస్తుంది.

మా హ్యాంగర్ కథ ఇంకాస్త ఉంది. ప్రొపెల్లర్ నేలకి తగిలిందంటే ఇంజిన్ మొత్తం విప్పి చూడాల్సిందే, నెలల తరబడి పని. మర్నాడు ఆ పైలట్ వచ్చి, విప్పేసిన ఇంజిన్ పక్కనుంచే నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "తలుపుకి ఏమైందండీ?" అని అడిగాడు. గడియకి రెండు చుక్కల నూనె వేసి, స్క్రూ బిగించి చూపించాను. పది నిమిషాల పని.

మీ
తాతయ్య