తాళం వేసిన ఇంటికి కరెంటు బిల్లు

పిల్లలూ,

వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లొచ్చిన ఒక ఏడో తరగతి అమ్మాయి ఇలా అడిగింది: "ఫ్రిజ్ ఖాళీ చేసి, ఆపేసి వెళ్లాం. నెలంతా ఇల్లు తాళమే. మీటరు ఒక్క యూనిట్ కూడా తిరగలేదు. అయినా బిల్లు వచ్చింది. వాడని కరెంటుకు డబ్బెందుకు కట్టాలి తాతయ్యా?"

గడుసు ప్రశ్నే. దీని జవాబు మీ మీటరులో లేదు. పదేళ్ల కిందట ఎక్కడో కూర్చుని ఎవరో వేసిన లెక్కలో ఉంది. అక్కడికి వంటింటి దారిన వెళదాం, అట్లు పోసుకుంటూ.

అన్నమైతే వండి మూత పెట్టి ఉంచొచ్చు. అట్టు అలా కాదు, పెనం మీంచి నేరుగా కంచంలో పడాలి. కరెంటూ అంతే. మీరు స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కడో ఒకచోట అంత కరెంటు అదనంగా పుట్టాలి. తినేవాళ్లు ఎక్కువై పోసేవాళ్లు వెనకబడ్డారో, దేశంలో తిరుగుతున్న జనరేటర్లన్నీ కలిసికట్టుగా నెమ్మదిస్తాయి. సెకనుకు 50 సార్లు ఊగాల్సిన కరెంటు 49.9 కంటే దిగిందంటే, ఎవరెంత కరెంటు పుట్టించాలో చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది.

వండడమే కాదు, మోసుకెళ్లే దారీ చాలాలి. 2012 జులై 30న, మళ్లీ 31న, ఉత్తరాదిలో ఒక లైను తప్పుకోగానే దాని బరువు పక్క లైన్ల మీద పడి అన్నీ వరసగా కూలాయి. 31న 60 కోట్లకు పైగా జనానికి కరెంటు లేదు. మనకు తగల్లేదు. ఎందుకంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్, అంటే మన వైపు కరెంటు లైన్ల అల్లిక, మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకటే పొయ్యి.

సరే, అట్ల దగ్గరికి వద్దాం. రేపు పొద్దున అట్లు కావాలంటే మినప్పప్పు, బియ్యం ఇవాళ మధ్యాహ్నమే నానబోయాలి. సాయంత్రం రుబ్బాలి. పిండి రాత్రంతా పులవాలి. ఎంత ఆకలేసినా ఆ పులుపును తొందరపెట్టలేరు. కరెంటుకూ ఈ నానబోత ఉంది. ఎండ పలకల (సోలార్) కేంద్రానికి ఏడాదిన్నర, రెండేళ్లు. పెద్ద లైనుకు మూడు నాలుగేళ్లు. బొగ్గు కేంద్రానికి ఐదేళ్లు, ఆ పైన. జలవిద్యుత్ కేంద్రానికి ఎనిమిదీ పదీ. 2035లో ఒక మే నెల సాయంత్రం మీరు వేసే ఏసీకి పప్పు ఇప్పుడే నానాలన్నమాట.

ఎన్ని అట్లు కావాలో ముందు తెలియాలి కదా. మన దేశంలో ఆ పని కేంద్ర విద్యుత్ అథారిటీది. ఐదేళ్లకోసారి సర్వే చేస్తుంది. కిందటి పదేళ్ల వాడకాన్ని కాగితం మీద గీతగా గీసి, ఆ గీతనే ముందుకు పొడిగించడం తేలిక పద్ధతి. చాలాసార్లు మోసం చేసేదీ అదే. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయలకు కొన్న ఎల్‌ఈడీ బల్బు మూడేళ్లలోపే 38 రూపాయలకు దిగింది. 60 వాట్ల బల్బు ఉన్నచోట 9 వాట్ల బల్బు వెలిగింది. ఇంకోపక్క, ఒక్క టన్నున్నర ఏసీ ఇంట్లోకి రావడమంటే ఇరవై ఫ్యాన్లు ఒకేసారి వచ్చినట్టు. ఈ రెండింటిలో ఏదీ ఆ గీతకు ముందుగా తెలియదు.

మా చిన్నతనంలో ఈ లెక్క ఎంత సులువో! ముగ్గుపిండితో తోమిన లాంతరు చిమ్నీలు అటకెక్కి, ఇంటికో 40 వాట్ల బల్బు వచ్చిన కాలం. ఇళ్లు లెక్కపెట్టి నలభైతో గుణిస్తే ఊరి లెక్క అయిపోయేది.

ఇప్పుడు తినేవాళ్లను వేరువేరు బంతుల్లో కూర్చోబెట్టి లెక్కపెట్టాలి. ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు, రైళ్లు, వ్యవసాయం. ఒక బోరు మోటారు తీసుకోండి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. ఒక కిలోవాట్ గంటసేపు వాడితే ఒక యూనిట్, కాబట్టి 9 గంటలు నడిస్తే 33 యూనిట్లు. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలు దాటాయి. అన్నీ ఒకే క్షణంలో నడిచాయనుకోండి, అవే 9,000 మెగావాట్ల పైన అడుగుతాయి (మెగావాట్ అంటే వెయ్యి కిలోవాట్లు). అందుకే అక్కడ వాడకం శిఖరానికి చేరేది నడి ఎండాకాలంలో కాదు, యాసంగి వరి నీళ్లకు మొహం వాచి ఉండే మార్చిలో. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లు దాటింది.

ఆ తర్వాత దారిలో పోయేది కలపాలి. తీగలు వేడెక్కి వందకు పన్నెండు పోతాయనుకుందాం. ఇళ్లకు 100 యూనిట్లు చేరాలంటే ఎన్ని పంపాలి? 112 అంటారు మీరు, తప్పు. పంపినదాంట్లో పన్నెండు శాతం పోతుంది కాబట్టి వందను 0.88తో భాగించాలి, దాదాపు 114 వస్తుంది. రాష్ట్రం మొత్తానికి ఈ చిన్న పొరపాటు చేస్తే ఒక విద్యుత్ కేంద్రం తేడా వస్తుంది.

ఇంకా అసలు మెలిక మిగిలే ఉంది. ఒక ఊరికి ఏడాదికి కోటి యూనిట్లు కావాలి. ఏడాదికి 8,760 గంటలు. భాగిస్తే సగటున 1,142 కిలోవాట్లు. అంత సామర్థ్యం పెడితే ఊరు చీకట్లో కూర్చుంటుంది. ఎందుకంటే ఎవరూ అట్లు ఇరవై నాలుగు గంటలకూ సమంగా పంచుకుని తినరు, అందరూ రాత్రి ఏడున్నరకే కంచాలు పట్టుకొస్తారు. ఆ ఊరి సగటు వాడకం దాని శిఖరంలో 60 శాతం అనుకుంటే 1,903 కిలోవాట్లు కావాలి. మరమ్మతుల్లో ఉన్న పెనాలకు బదులుగా ఆ పైన ఇంకొంచెం.

ఇప్పుడు ఆ అమ్మాయి బిల్లు సంగతి. అట్లతద్ది నాడు మాత్రమే కిందికి దిగి, మిగతా ఏడాదంతా అటక మీదుండే రెండో పెనం ఉంటుంది చూశారా? దాన్నీ డబ్బిచ్చే కొన్నాం. విద్యుత్ కేంద్రాలతో డిస్కంలు, అంటే మన ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, పాతికేళ్ల ఒప్పందాలు రాసుకుంటాయి. ధర రెండు ముక్కలుగా ఉంటుంది. అప్పు వాయిదాలు, జీతాలు, మరమ్మతులు ఒక ముక్క. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా మానినా అది కట్టాలి. బొగ్గు ఖర్చు రెండో ముక్క, తీసుకుంటేనే కట్టాలి. మీరు ఎన్ని కిలోవాట్లకు కనెక్షన్ తీసుకున్నారో ఆ లెక్కన బిల్లులో పడే స్థిర ఛార్జీ మొదటి ముక్కలో మీ వాటా. నిజానికి అది వాటాలో కొంతే. మిగతాది యూనిట్ ధరలో కలిపేస్తారు. విడదీసి చూపిస్తే జనానికి లెక్క తెలుస్తుందనే నేనంటాను.

అటక మీద పెనాలు మరీ ఎక్కువైతే? గోదావరి, కృష్ణా జిల్లాల్లో గ్యాస్ కేంద్రాలు అలాగే మిగిలాయి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో డీ6 బ్లాకు అని పిలిచే, సముద్రం అడుగున గ్యాస్ తీసే చోట 2009లో గ్యాస్ మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ఆశ. 2010లో 6 కోట్ల దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి పడిపోయింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాస్ దాదాపు ఆగిపోయింది. పెనాలు కొత్తవి, పొయ్యిలు కొత్తవి, పిండే లేదు. అందరూ ఒకే కొట్టును నమ్ముకుని పెనాలు కొన్నారు. ఆ కొట్టు సరుకు తగ్గితే ఏం చేయాలన్న రెండో లెక్క ఎవరూ గట్టిగా వేయలేదు. పెద్ద ప్రణాళిక వేసేవాడు ఒకే భవిష్యత్తును రాసుకోకూడదు. వాన తక్కువైతే, ఇంధనం రాకపోతే, ఎండ పలకలు ఇంకా చవకైతే అని నాలుగైదు రాసుకుని, వాటన్నిటిలోనూ ఏ నిర్ణయం నిలబడుతుందో వెతకాలి.

చాలని రోజున పక్కింటి నుంచి కొనుక్కోవచ్చు. 2008 నుంచి మన దేశంలో కరెంటుకూ సంత ఉంది. రేపటి రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అమ్మేవాళ్ల ధరలు, కొనేవాళ్ల ధరలు వరసలో పెట్టి, రెండూ కలిసినచోట ధర తేలుస్తారు. యూనిట్ 10 రూపాయలు దాటకూడదని గరిష్ఠ పరిమితి పెట్టారు. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం ఒకటో రెండో రూపాయలకు దొరికిన యూనిటే, గిరాకీ ముదిరిన వేసవి రాత్రి ఆ పదిని తాకుతుంది.

ఎందుకంటారా? ఎండ మీ పిన్ని లాంటిది. పొద్దున్నే వచ్చి, పిండి కూడా తనే తెచ్చుకుని, మధ్యాహ్నం దాకా గుట్టలుగుట్టలు అట్లు పోస్తుంది. సాయంత్రం ఆరింటికి బస్సెక్కి వెళ్లిపోతుంది. ఆకలేసేది ఏడున్నరకి! ఈ చిక్కు జాతీయ విద్యుత్ ప్రణాళికలోనూ కనబడుతుంది. 2031–32లో శిఖర వాడకం 3,66,000 మెగావాట్లని అంచనా. సామర్థ్యం మాత్రం 9,00,000 మెగావాట్లు కావాలని ఉంది. లెక్క తప్పలేదు. 1,000 మెగావాట్ల ఎండ పలకలు ఏడాది సగటున 200, 250 మెగావాట్లే ఇస్తాయి, రాత్రి సున్నా.

ఇక్కడ నా అట్ల పోలిక కాస్త చిరుగుతోంది. అట్టు చల్లారితే మళ్లీ పిండి కాదు. కరెంటు కాగలదు. నాగార్జునసాగర్‌లో ఏడు యంత్రాలు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు యంత్రాలు వెనక్కి కూడా తిరగగలవు. మిగులు కరెంటుతో కింది నీళ్లను పైకి తోడి, రాత్రి మళ్లీ కిందికి వదులుతాయి. 100 యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తాయి. కింద నీళ్లు నిలబెట్టే చెరువు లేకపోతే మాత్రం తోడడానికేమీ ఉండదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలోనైతే పైన ఒకటి, కింద ఒకటి, రెండు చెరువులూ నదికి దూరంగా కట్టారు. మన ఇళ్లల్లో కూడా ట్యాంకు నింపే మోటారు రాత్రి కాకుండా మధ్యాహ్నం వేస్తే పిన్ని ఉండగానే తిన్నట్టు. ఇది మీ నాన్నగారికి చెప్పండి, నా పేరు చెప్పకుండా.

మిగతాది నేను చెప్పడం కంటే మీరు చూడడం మేలు. రాత్రి ఏడున్నరకు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లండి. చెయ్యి పెట్టొద్దు, కళ్లు చాలు. ఒక చిన్న ఎర్ర దీపం మినుకుతూ ఉంటుంది. దాని పక్కనే ఒక అంకె ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. యూనిట్‌కు అన్నిసార్లు మినుకుతుందని అర్థం. నిమిషంలో ఎన్నిసార్లు మినికిందో లెక్కపెట్టి 18.75తో గుణించండి. ఆ క్షణాన మీ ఇల్లు అడుగుతున్న వాట్లు అవే. అంకె 1600 అయితే 37.5తో గుణించాలి. ఒక్క మామూలు ఫ్యానుకు నిమిషానికి నాలుగు మినుకులు. టన్నున్నర ఏసీ వేయిస్తే ఎనభై, లెక్కపెట్టడానికి ఊపిరాడదు. అదే లెక్క మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వేసి, వారం రోజులు కాగితం మీద రాసి పంపండి.

మధ్యలో ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఆ దీపం ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. వంటింట్లో ఫ్రిజ్ మోటారు మొదలైందన్నమాట. ఆ క్షణంలో రామగుండంలోనో శ్రీశైలంలోనో ఒక చక్రం మీ కోసం వెంట్రుకవాసి గట్టిగా తోస్తుంది.

మీ
తాతయ్య